ఆసక్తి లేని ఐటీఐ పిల్లలకు పాడైన స్టార్టరు ఇవ్వండి

అనంతపురం పల్లెల నుంచి ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కు వచ్చే పిల్లల్లో చాలామందికి బోరు మోటారు కొత్త కాదు. ఓమ్ సూత్రంతో మొదలుపెడితే వెనక బెంచీ నిద్రపోతుంది. పాడైన త్రీఫేజ్ స్టార్టర్లు తెచ్చి, కరెంటు కలపకుండా, ఇద్దరికి ఒకటి ఇవ్వండి. నలుగురికి ఒకటైతే ఒకడు విప్పుతాడు, ముగ్గురు ఫోను చూస్తారు.

ముందే మీరొక లోపం పెట్టి ఉంచాలి: కాయిల్ వైరు ఊడదీయండి, లేదా ఒక కాంటాక్టు మధ్య కాగితం ముక్క దూర్చండి. కాంటాక్టరును (కాయిల్ లాగితే కాంటాక్టులు కలిపే స్విచ్చిని) చేత్తో నొక్కి పట్టి, మల్టీమీటరుతో ఒక్కో ఫేజూ, కాయిల్ వైర్లూ చూసి, 20 నిమిషాల్లో పట్టుకోమనండి. జవాబు చెప్పకండి (మాస్టార్లకు ఇదే కష్టం).

దొరికాక అడగండి: నడుస్తుండగా ఒక ఫేజు పోతే మోటారెందుకు కాలుతుంది? మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు పెరిగి వైండింగు వేడెక్కుతుందనీ, కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే అందుకేననీ అప్పుడు బోర్డు మీద చూపండి.