లారీ టైరు పాఠాలు – 3: కంపెనీ టైర్లు పోయాక ఏవి వేయాలి?

గాలి సంగతి పోయిన పాఠంలో అయిపోయింది. చల్లగా ఉన్నప్పుడే మీటరు పెట్టాలి, వేడి మీద ఎక్కువ చూపించిందని గాలి వదిలేయకూడదు అని చెప్పుకున్నాం. ఆ రెండూ అలవాటు కాకపోతే ఈ పాఠంతో ఉపయోగం లేదు, ముందు అది చదివి రండి.

ఈసారి అందరూ అడుగుతున్న విషయం. కొత్త బండి షోరూం నుంచి దిగుతుంది, ఏడాది తిరగకముందే టైర్లు గుండవుతాయి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల ముందు లైనులో నిలబడినా, డోన్ దగ్గర టీ కొట్టులో కూర్చున్నా ఇదే గోడు. "అన్ని లక్షలు పోసి బండి కొంటే ఈ టైర్లేందన్నా? కంపెనీ టైర్లు గదా, ఇట్ల పోయినాయి!"

'కంపెనీ టైర్లు' అంటే ఎవరి కంపెనీ? లారీ చేసేవాళ్లు టైర్లు చేయరు, టైర్ల కంపెనీ దగ్గర వేలకు వేలు ఒకేసారి కొంటారు. కొనేటప్పుడు వాళ్లు చూసేవి ధర, బరువు, డీజిలు. టైరు నలిగి మళ్లీ లేచే ప్రతిసారీ కొంత డీజిలు వేడిగా మారి పోతుంది. పైన రబ్బరు ఎంత మందంగా ఉంటే ఈ నష్టం అంత ఎక్కువ. అందుకే చాలా కొత్త బండ్లకు గాడి లోతు తక్కువున్న, తేలిగ్గా దొర్లే టైరు వస్తుంది. షోరూంలో చెప్పే మైలేజీలో దానికీ వాటా ఉంది. ఇంకో మెలిక కూడా ఉంది. అదే టైర్ల కంపెనీ బజారులో అమ్మే టైరు, లారీ ఫ్యాక్టరీకి పంపే టైరు ఒకటే కానక్కర్లేదు. సైజు ఒకటే, పేరూ దాదాపు ఒకటే, చివర ఒక అక్షరమో అంకో తేడా ఉంటుంది. లోతు వేరు, రబ్బరు వేరు. దీన్ని మోసమని నేననను. కానీ బండి అమ్మేటప్పుడు ఈ మాట నోరు తెరిచి చెప్పరే, అది మాత్రం నాకు నచ్చదు.

కాబట్టి పాత టైరు పేరు చూసి "ఈ కంపెనీ మళ్లీ వద్దు" అనడం తొందరపాటు, "అదే కంపెనీ, అదే సైజు ఇవ్వు" అనడం ఇంకా తొందరపాటు.

పాత టైరును విప్పే ముందు

లోతు కొలిచే చిన్న గేజీ ఒకటి కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు. గాడిలో మూడు చోట్ల పెట్టండి: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. రెండంచులూ అరిగి మధ్యలో రబ్బరు మిగిలి ఉంటే గాలి తక్కువతో నడిపారు. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. ఒకే అంచు తినేసి ఉంటే అలైన్‌మెంటు పోయింది, అంటే చక్రాలు తిన్నగా లేవు. చెయ్యి ఒకవైపు రుద్దితే నున్నగా, ఎదురు రుద్దితే రంపంలా తగిలితే అదీ అలైన్‌మెంటే. అక్కడక్కడా గుంటలు పడితే బేరింగులో ఆట ఉందేమో, బ్యాలెన్సింగు పోయిందేమో చూపించండి. ఈ జబ్బులున్న బండికి ఎంత ఖరీదైన టైరు వేసినా అదే గతి. టైరు అంతటా సమానంగా అరిగి, అయినా తొందరగా పోయిందంటే అప్పుడు టైరును తిట్టొచ్చు.

సైడులో బుడగ లేచినా, పై రబ్బరు పొరలా ఊడినా తిట్టి వదిలేయకండి, క్లెయిమ్ పెట్టండి. టైరు వారంటీ లారీ కంపెనీది కాదు, టైరు కంపెనీది. షోరూం చుట్టూ తిరగకుండా ఆ టైరు డీలరు దగ్గరికి వెళ్లండి. తయారీ లోపం అని తేలితే మిగిలిన లోతును బట్టి లెక్క కట్టి కొంత ఇస్తారు. రాయి కోసినది, గాలి లేకుండా నడిపినది క్లెయిమ్‌కి రాదు.

టైరు పక్కన కూర్చుని చదవండి

ఇది ఈ పాఠంలో అసలు పని. బండి పక్కన కూర్చుని, బురద తుడిచి, టైరు సైడు మీద రాతలు చదవండి. మన పది టైర్ల బండ్ల మీద ఎక్కువగా కనిపించే రాత ఇలా ఉంటుంది: 10.00 ఆర్ 20, 16 పీఆర్, 146/143 కె.

మొదటి 10.00 టైరు వెడల్పు, అంగుళాల్లో. ఆర్ అంటే రేడియల్, లోపల ఉక్కు తీగలున్న టైరు. దాని చోట అడ్డగీత ఉంటే నైలాన్ టైరు, లోపల నైలాన్ దారాల పొరలుండేది. 20 రిమ్ము సైజు. పీఆర్ అంటే ప్లై రేటింగు, టైరు గట్టిదనానికి గుర్తు. 'కె' వేగానికి గుర్తు, గంటకు 110 కిలోమీటర్లు. ఇవన్నీ డ్రైవర్లకు తెలిసినవే. ఎవరూ చూడనిది 146/143. ఇవి బరువుల పట్టికలో నంబర్లు. 146 అంటే టైరు ఒంటరిగా ఉన్నప్పుడు 3,000 కిలోలు మోస్తుంది. 143 అంటే వెనక చక్రాల్లోలా పక్కపక్కనే జంటలో ఉన్నప్పుడు ఒక్కో టైరు 2,725 కిలోలు. అదీ పూర్తి గాలి ఉంటేనే.

ఇప్పుడు లెక్క వేద్దాం. 2018 జులైలో కేంద్రం ఒక్కో యాక్సిల్ (ఇరుసు) మీద ఒప్పుకునే బరువులు పెంచింది. ముందు యాక్సిల్‌కు 6 టన్నుల నుంచి 7 టన్నులు, వెనక జంట యాక్సిళ్లకు 19 నుంచి 21 టన్నులు అయింది. వెనక ఎనిమిది టైర్లు ఒక్కోటి 2,725 చొప్పున మొత్తం 21,800 కిలోలు. సరిపోయింది. ముందు రెండు టైర్లు మూడేసి వేల చొప్పున 6,000 కిలోలే. చట్టం 7 టన్నుల దాకా ఒప్పుకుంటోంది, టైరు మాత్రం ఆరింటికే ఒప్పుకుంటోంది. ముందు నిజంగా ఏడు టన్నులు పడితే 152 నంబరు కావాలి, అది 3,550 కిలోలు మోస్తుంది. ఆరు టైర్ల బండికైతే చిక్కు వెనక: యాక్సిల్‌కు 11.5 టన్నులు ఉంది, నాలుగు టైర్లు కలిపి 10,900 మాత్రమే మోస్తాయి. వేగం తగ్గిస్తే కొంత వెసులుబాటు ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని లోడు ఎక్కించకండి.

మీ బండి ముందు యాక్సిల్ మీద ఎంత పడుతోందో తెలుసుకోవడానికి లోడుతో కాటాకు వెళ్లినప్పుడు ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూయించండి. బేతంచెర్లలోనో తాడిపత్రిలోనో నాపరాయి పలకలను క్యాబిన్ వైపు జరిపి పేర్చినవాళ్లు ఆ అంకె చూసి ఉలిక్కిపడతారు. ముందు టైర్లు ఎందుకు తొందరగా పోతున్నాయో సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

బండి ఏ దారిలో తిరుగుతుంది?

అనంతపురం యార్డులో చీనీకాయలు ఎక్కించుకుని 44వ నంబరు హైవే మీద ఢిల్లీ దాకా పోయే బండికీ, మంగంపేటలో ముగ్గురాయి ఎత్తే టిప్పరుకూ ఒకే టైరు వేయడం పెళ్లికి కొన్న చెప్పులతో ముళ్లకంపలో నడవడమే. హైవే బండికి వేడి శత్రువు. మే నెలలో కర్నూలు, నంద్యాల ఎండ 45 డిగ్రీలకు పోతుంది, తారు రోడ్డు అంతకంటే ఎక్కువ కాలుతుంది. అక్కడ నిలువు గాడుల రిబ్ రేడియల్ కావాలి, ముందైనా వెనకైనా. లోతైన లగ్ టైరు, అంటే అడ్డంగా పెద్ద రబ్బరు దిమ్మెలున్నది వేస్తే ఆ దిమ్మెలు కదిలి కదిలి కాగుతాయి, మోత పెడతాయి, తొందరగా అరుగుతాయి.

క్వారీలో తిరిగే బండికి రాయి శత్రువు. పలకల ఫ్యాక్టరీ ఆవరణలో రివర్సు తీసేటప్పుడు పగిలిన నాపరాయి అంచు కత్తిలా సైడును కోస్తుంది. రేడియల్ సైడు పల్చన. కొన్ని కిలోమీటర్ల ట్రిప్పులు తిరిగే టిప్పర్ల వెనక మందపాటి నైలాన్ లగ్ ఇంకా మంచిదే, పాతకాలపు సరుకని తీసిపారేయకండి. రేడియల్, నైలాన్ ఒకే యాక్సిల్ మీద మాత్రం ఎప్పుడూ కలపకండి.

రెండూ ఉన్న బండ్లు మనకు ఎక్కువ: క్వారీలో ఎత్తి, గువ్వలచెరువు ఘాటు మీదుగా చిత్తూరు వైపు పోయి వచ్చేవి. వీటికి ముందు రిబ్, వెనక సెమీ లగ్ (రిబ్‌కూ లగ్‌కూ మధ్యరకం) వేయమంటాను. ఘాటులో బ్రేకు మీదే దిగితే డ్రమ్ము వేడి రిమ్ముకు పాకి, బీడు (రిమ్ముకు పట్టే టైరు అంచు) దగ్గర రబ్బరు మాడుతుంది, ట్యూబూ, దాని కింద రబ్బరు పట్టీ ఫ్లాపూ అతుక్కుపోతాయి. దానికి ఏ టైరూ మందు కాదు. పైనే గేరు తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేకు వాడి దిగాలి. దిగాక కాలుతున్న డ్రమ్ము మీద నీళ్లు పోసేవాళ్లను ఇంకా చూస్తున్నాను. డ్రమ్ము పగులుతుంది, పోయకండి.

ధర కాదు, కిలోమీటరు లెక్క

ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి అనుకున్నవి, బజారు ధరలు కావు. మొదటి టైరు 20 వేలు, లోతు 14 మి.మీ. అది ఒక్కో మిల్లీమీటరు అరిగేలోపు 4 వేల కిలోమీటర్లు ఇస్తోంది. చివరి 3 మి.మీ. వదిలేస్తే 44 వేల కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు 45 పైసలు. రెండోది 24 వేలు, లోతు 17, మిల్లీమీటరుకు 4,500. అది 63 వేలు తిరుగుతుంది, కిలోమీటరుకు 38 పైసలు. పది టైర్ల మీద కిలోమీటరుకు 70 పైసలు మిగిలాయి. ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరిగితే 70 వేలు.

సంబరపడకండి, ఇంకో వైపు ఉంది. బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తుంది, డీజిలు 96 రూపాయలు అనుకుందాం. కిలోమీటరుకు 24 రూపాయల డీజిలు. లోతైన టైరు వల్ల 3 శాతం ఎక్కువ తాగితే 72 పైసలు. మిగిలిన 70 అక్కడే పోయాయి. అందుకే ఢిల్లీ బండికి మనం తిట్టుకున్న ఆ తేలిక టైరే కొన్నిసార్లు గిట్టుబాటు అవుతుంది. క్వారీ బండికి అవదు, అక్కడ టైరు అరిగి కాదు, కోసుకుని పోతుంది. చివరి 3 మి.మీ. ఎందుకు వదలమన్నానంటే రీట్రెడ్డుకు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేయించడానికి, కింద రబ్బరు కావాలి. చట్టం హద్దు 1.6 మి.మీ. అక్కడిదాకా గీకితే పంక్చర్ల ఖర్చు వేరేగా వస్తుంది.

కొట్టులో ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి, పక్కా బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీ టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేటు వేస్తే ఊరుకోకండి. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 1825 అంటే 2025లో 18వ వారం. తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీ 2020 నుంచి నడుస్తోంది కదా, మనకు తాజా సరుకే వస్తుందని కొందరి ధీమా. ఫ్యాక్టరీ దగ్గరైనంత మాత్రాన కొట్టులోని టైరు కొత్తది కాదు. రేకుల షెడ్డులో రెండు ఎండాకాలాలు మగ్గిన టైరు తక్కువకిచ్చినా నేను తీసుకోను.

జంటలో ఒకటే మార్చాల్సి వస్తే రెండింటికీ పూర్తి గాలి పెట్టి, చుట్టూ టేపు పట్టి కొలవండి. చుట్టుకొలతలో తేడా ఒకటిన్నర అంగుళం దాటితే జత కట్టకండి. పెద్దది బరువంతా మోసి కాగుతుంది, చిన్నది రోడ్డును గీరుకుంటూ అరుగుతుంది.

ఇంటి పని: స్టెప్నీతో సహా అన్ని టైర్ల నంబర్లు, తేదీలు, మూడు చోట్ల లోతు ఒక నోటుబుక్కులో రాయండి, పక్కనే ఆ రోజు మీటరు రీడింగు. 5 వేల కిలోమీటర్లకు మళ్లీ కొలిచి, మిల్లీమీటరుకు ఎంత తిరిగిందో మీరే కట్టండి. విప్పిన పాత టైర్లను పాత ఇనుప సామాన్లవాడికి ఇప్పుడే అమ్మేయకండి. వచ్చే పాఠం వాటి గురించే: ఏ కేసింగు (పై రబ్బరు పోగా మిగిలిన టైరు ఒళ్లు) రీట్రెడ్డుకు పనికొస్తుంది, వేడి పద్ధతి ఎప్పుడు, చల్ల పద్ధతి ఎప్పుడు.