టెక్సస్‌లో మీ కౌంటీ కమిషనర్ పూర్వాపరాలు, పనితీరు తెలుసుకోవడం ఎలా

ఎన్నికల ముందు ఇంటికొచ్చే రంగుల కరపత్రంలో అభ్యర్థి పుట్టిన ఊరు, చదువు, చేసిన ఉద్యోగాలు, కుటుంబం ఫొటో ఉంటాయి. పదవిలో ఉన్న నాలుగేళ్ళూ ఏం చేశారన్నది మాత్రం కౌంటీ రికార్డుల్లోనే దొరుకుతుంది. ఫ్రిస్కో, ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీ అయినా, షుగర్‌లాండ్ ఉన్న ఫోర్ట్ బెండ్ అయినా వెతికే పద్ధతి ఒకటే.

టెక్సస్‌లోని 254 కౌంటీల్లో ప్రతిదానికీ కమిషనర్స్ కోర్టు ఉంటుంది. పేరు కోర్టే గానీ, ఇది కౌంటీని నడిపే పాలక మండలి. ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు. బడ్జెట్, కౌంటీ పన్ను రేటు, రోడ్లు, జైలు ఖర్చు తేల్చేది వీళ్ళే. జడ్జికి కౌంటీ మొత్తం ఓటేస్తుంది, కమిషనర్‌కు ఆ ప్రిసింక్ట్ (కౌంటీని విడగొట్టిన నాలుగు భాగాల్లో ఒకటి) వాళ్ళే వేస్తారు. 1, 3 ప్రిసింక్ట్‌ల ఎన్నిక అధ్యక్ష ఎన్నికతో పాటు వస్తుంది. 2, 4 ప్రిసింక్ట్‌లు, జడ్జి పదవి గవర్నర్ ఎన్నిక ఏడాదిలో.

ముందు మీ కమిషనర్ ఎవరో సరిగ్గా తేల్చుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. ఓటరు కార్డు మీద నాలుగైదు అంకెలుంటాయి. పోలింగ్ ప్రిసింక్ట్ నంబరు వేరు, జస్టిస్ ఆఫ్ ద పీస్ (చిన్న కేసులు చూసే జడ్జి) ప్రిసింక్ట్ వేరు, కమిషనర్ ప్రిసింక్ట్ వేరు. మీకు కావలసింది 1 నుంచి 4 లోపు ఉండే కమిషనర్ అంకె. పాత కార్డును నమ్మకండి, హద్దులు మారుతుంటాయి. టారంట్ కౌంటీ 2025లో, జనగణన ఏడాది కాకపోయినా, మార్చింది. కౌంటీ ఎన్నికల కార్యాలయం వెబ్‌సైటులో ఇంటి చిరునామా కొట్టి చూడడమే ఖాయం.

తరవాత పూర్వాపరాలు. ఇండియాలో నామినేషన్‌తో పాటు కేసులు, ఆస్తుల అఫిడవిట్ ఇస్తారు కాబట్టి ఇక్కడా అలాంటిదేదో ఉంటుందని వెతుకుతాం. ఉండదు. బ్యాలట్ దరఖాస్తులో వృత్తి, నివాసం, ఆ ప్రాంతంలో ఎన్నాళ్ళుగా ఉంటున్నారు, శిక్ష పడిన ఫెలనీ (పెద్ద నేరం) ఏదీ తనను అనర్హం చేయడం లేదు అన్న ప్రమాణం, దాదాపు అంతే. దాఖలైన క్షణం నుంచే అది బహిరంగ పత్రం. ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) దరఖాస్తు పార్టీ కౌంటీ చైర్ దగ్గర వేస్తారు కాబట్టి కాపీ అక్కడే అడగాలి. కోర్టు కేసులు మనమే చూసుకోవాలి: ఫెలనీలు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, మిస్‌డిమీనర్లు (చిన్న నేరాలు) చాలా కౌంటీల్లోను, భూమి దస్తావేజులు కౌంటీ క్లర్క్ దగ్గర. ఒకే పేరుతో పదిమంది ఉంటారు. పుట్టిన తేదీ కలవకుండా, కేసు చివరికి ఏమైందో చదవకుండా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. కొట్టేసిన కేసు పట్టుకుని ఒకరి పరువు తీయడం అన్యాయం.

ఎన్నికల విరాళాల లెక్కలు ఆస్టిన్‌లోని రాష్ట్ర ఎథిక్స్ కమిషన్‌లో దొరకవు. కౌంటీ పదవులవి కౌంటీ క్లర్క్ దగ్గరో, ఎన్నికల అధికారి దగ్గరో ఉంటాయి. అభ్యర్థులు, పదవిలో ఉన్నవాళ్ళు విరాళాలు, ఖర్చులు చూపే సి/ఓహెచ్ అనే ఫారం తీయండి. జనవరి 15, జులై 15 నివేదికలు అందరూ ఇస్తారు. పోటీ ఉన్నవాళ్ళు ఎన్నికకు 30 రోజుల ముందొకటి, 8 రోజుల ముందొకటి కూడా ఇవ్వాలి. అందులో షెడ్యూల్ ఏ1 విరాళాలు, ఎఫ్1 ఖర్చులు, ఇ అప్పులు. ఈ పదవులకు వ్యక్తులిచ్చే విరాళాలపై పరిమితి లేదు. అందుకే దాతల పట్టికను కాంట్రాక్టుల పక్కన పెట్టి చూడాలి, ముఖ్యంగా ఇంజనీరింగ్ సంస్థల వాళ్ళ పేర్లు. రోడ్డు వేసే కాంట్రాక్టు టెండరుకు పోతుంది గానీ, డిజైన్ చేసే ఇంజనీరును తక్కువ ధర చూసి ఎంచుకోకూడదని చట్టమే చెబుతుంది. అక్కడ ఎంపికలో కోర్టుకు చేయి స్వేచ్ఛగా ఉంటుంది. విరాళం ఇచ్చారన్నంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు, అడగడానికి ఒక ప్రశ్న దొరికినట్టు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మినిట్స్ (సమావేశాల రికార్డు) మీద పెట్టండి. కమిషనర్స్ కోర్టు మినిట్స్ కౌంటీ క్లర్క్ రాసి భద్రపరుస్తారు. ఎక్కువ అంశాలు కన్సెంట్ ఎజెండాలో కట్టగా ఒక్క ఓటుతో పోతాయి. "అందరూ ఏకగ్రీవం" అన్నది చూసి ఏమీ తేలదు. కట్టలోంచి ఎవరు ఏ అంశాన్ని బయటికి తీయించారు, ఎక్కడ ఓటు చీలింది, అది చూడాలి. ఏటా ఆగస్టు, సెప్టెంబరు మినిట్స్ తప్పనిసరి, పన్ను రేటు ఓటు సాధారణంగా అప్పుడే. ఆ ఓటుకు అయిదుగురిలో కనీసం నలుగురు హాజరు కావాలి. రాకపోవడం కూడా ఒక నిర్ణయమే. 2022లో హారిస్ కౌంటీలో ఇద్దరు కమిషనర్లు కావాలనే రాలేదు. ప్రతిపాదించిన రేటు ఆగిపోయి, పాత ఆస్తుల మీద కిందటేడు వచ్చినంత ఆదాయమే తెచ్చే తక్కువ రేటు అమలైంది. అది ప్రజల డబ్బు కాపాడడమా, పనులకు గండి కొట్టడమా అన్నది ఓటరు తేల్చుకోవాలి. మినిట్స్‌లో మాత్రం "గైర్హాజరు" అని ఒక్క మాటే కనిపిస్తుంది.

ఒక మాట. ఇంటి పన్ను బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్. ఆ రెంటికీ కమిషనర్‌ను తిట్టినా, మెచ్చినా గురి తప్పినట్టే.

వెబ్‌సైటులో లేని కాగితాలకు పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద కౌంటీ ప్రకటించిన చిరునామాకు ఈమెయిల్ చేయండి. పౌరసత్వం అక్కర్లేదు, హెచ్1బి మీద ఉన్నవాళ్ళూ అడగవచ్చు. ఎందుకు కావాలని కౌంటీ వాళ్ళు మిమ్మల్ని అడగకూడదు. "కమిషనర్ గురించి అన్నీ" అని రాస్తే పని సాగదు. "ఫలానా రోడ్డు డిజైన్ కాంట్రాక్టు, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు" అని రాయండి. మామూలు కాపీ పేజీకి 10 సెంట్లు. ఖర్చు 40 డాలర్లు దాటుతుందనుకుంటే ముందే అంచనా పంపుతారు. దానికి 10 పనిదినాల్లో జవాబివ్వకపోతే అభ్యర్థన వెనక్కి తీసుకున్నట్టే లెక్క. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి అభ్యర్థన చచ్చిపోవడం మామూలే, రోజూ చూసుకోండి.

తేలనిది నేరుగా అడగవచ్చు. ఎజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా, కోర్టు దాన్ని చేపట్టే ముందో, చేపట్టినప్పుడో మాట్లాడే హక్కు ప్రజలకుంది. సమావేశం మొదలయ్యే ముందే పేరు, అంశం నంబరు రాసివ్వండి, ఆలస్యమైతే పిలవకపోవచ్చు. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు తెలుగులో మాట్లాడి పక్కన ఒకరు అనువదిస్తే, అక్కడికక్కడే అనువాదం వినిపించే పరికరాలు కోర్టులో లేకపోతే, మిగతావాళ్ళకిచ్చే సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలి.