పిల్లాడి నోట "వాళ్లంతా అంతే" మొదలైతే

ముందు మామూలు ఆవేశానికీ, తీవ్రవాదానికీ మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవాలి. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో గొంతు పోయేలా నినాదాలివ్వడం, రాత్రంతా హాస్టల్లో సిద్ధాంతాలు వాదించుకోవడం తీవ్రవాదం కాదు. ఆ వయసుకు అవి సహజం. అవతలి వర్గంలో ఒక్క మంచి మనిషి కూడా ఉండడని తేల్చేసుకుని, వాళ్లను కొట్టినా తప్పులేదనడం మొదలైతే గీత దాటినట్టు. జెండా ఏ రంగుదైనా కొలత ఇదే.

పేదరికం వల్లో, చదువు లేకో ఇలా అవుతారని మనవాళ్ల నమ్మకం. డిగ్రీలు, జీతాలు ఉన్నవాళ్లూ ఇందులో కనిపిస్తూనే ఉంటారు. ఆరీ క్రుగ్లాన్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు కారణాలు కలవాలంటారు: తనకు విలువ లేదన్న బాధ, ఆ బాధకు ఫలానావాళ్లే కారణమనే కథ, ఆ కథను నమ్మే స్నేహబృందం. ఇంట్లోవాళ్లు సాధారణంగా కథ మీదే పడతారు. గెలవడం అన్నిటికన్నా కష్టమైనది అదే, ఎందుకంటే మీ ప్రతి వాదనకూ బృందం ముందే జవాబు నేర్పి పంపుతుంది. బాధ మీదా, బృందం మీదా పని చేయండి.

మాట్లాడటానికి భోజనాల దగ్గర, చుట్టాల ముందు కూర్చోబెట్టకండి. పరువు కోసమైనా మొండికేస్తాడు. బయటికి తీసుకెళ్లండి, ఇరానీ హోటల్లో చాయ్ అయినా, సంజీవయ్య పార్కులో నడకైనా సరే. అరగంట చాలు. మొదటి రెండుసార్లు అడగడమే మీ పని: "ఈ కోపం ఎప్పటినుంచి? నీకు ఎక్కడ అవమానం జరిగింది?" జవాబులో అసలు సంగతి బయటపడుతుంది. కులమో మతమో చూసి గది అద్దెకివ్వకపోవడమో, రాత్రి తనిఖీలో పోలీసు తిట్టడమో, ఉద్యోగం చేజారడమో ఉంటుంది. అందులో నిజమున్నంత వరకూ నిజమనే ఒప్పుకోండి. "అదేం పెద్ద విషయం" అన్నారంటే ఆ బాధను పెద్దదిగా చూసేవాళ్ల దగ్గరికే వెళ్తాడు.

తర్వాత ఆ బాధకు ఒక పని చూపించండి. ఆఫీసులో అన్యాయం జరిగితే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి అర్జీ. వకీలు ఖర్చు భరించలేనివాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. ఫలితం ప్రతిసారీ రాదు, ఆ మాట ముందే చెప్పండి. పెద్ద ఆశ పెట్టి పంపిస్తే, తిరస్కారం వచ్చిన రోజే "చూశావా?" అంటూ బృందం ఎదురొస్తుంది.

ఫోన్ లాక్కోవడం దండగ. ఫ్రెండ్ ఫోన్లో చూస్తాడు, పైగా ఇంట్లోవాళ్లూ శత్రువులేనన్న మాటకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

ఎవరు మాట్లాడాలన్నది ఇంకా ముఖ్యం. అవతలి పార్టీ మనిషి ఎంత మంచివాడైనా పనికిరాడు. మేనమామ, పాత క్రికెట్ కోచ్, వాడు గౌరవించే సీనియర్ ఎవరైనా ఉంటే వాళ్లు మేలు. తమ వైపు తప్పును కూడా తప్పనగలిగేవాళ్లై ఉండాలి. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలోని పౌర స్పందన వేదిక ఇటు పోలీసుల హింసనూ, అటు నక్సలైట్ల హింసనూ ప్రశ్నించింది కాబట్టే 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలకు ప్రభుత్వం, నక్సలైట్లు రెండు పక్షాలూ వచ్చి కూర్చున్నాయి. ఆ చర్చలు నిలవలేదు, అది వేరే కథ.

ఇక వీడియోల సంగతి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకారుతో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్లకు పరిమితం చేసింది. రెండు బాణాల గుర్తు ఉంటే ఆ మెసేజ్ చాలా చేతులు మారిందని లెక్క. మీరు తప్పని చెప్పకండి, పక్కన కూర్చుని కలిసి చూడండి. వీడియో ఆపి, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. దుకాణాల బోర్డులు ఏ భాషలో ఉన్నాయి? మే నెల అంటున్నారు, స్వెటర్లెందుకు? నంబర్ ప్లేట్లు చూడండి: తెలంగాణ బళ్లకు టీఎస్ బదులు టీజీ మొదలైంది 2024 మార్చిలో, కాబట్టి అంతకుముందుదని చెప్పే వీడియోలో టీజీ కనిపిస్తే అబద్ధం. టీఎస్ కనిపించినంత మాత్రాన పాతదని అనకండి, పాత బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కసారి వాడే స్వయంగా అబద్ధం పట్టుకుంటే మీ పది ఉపన్యాసాలకు సమానం. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టే మెసేజ్‌కు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉందని కూడా చెప్పండి, కానీ బెదిరింపులా కాదు.

బృందం కూడే సాయంత్రాలు ఖాళీగా ఉంటే ఏ మాటా నిలవదు. ఆ వేళకు ఒక బాధ్యత అప్పగించండి: రక్తదాన శిబిరం జాబితా, పిల్లల జట్టు కోచింగ్, వినాయక మండపంలో జనం వరుసల ఏర్పాటు. పేరుకు సభ్యత్వం కాదు, వాడు రాకపోతే పని ఆగిపోయేలా ఉండాలి. పండుగలప్పుడు బస్తీ పెద్దలకూ పని ఉంటుంది. 2023లో హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం, ప్రవక్త పుట్టినరోజు మిలాద్ ఒకే రోజు, సెప్టెంబరు 28న పడితే మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. అలాంటి సర్దుబాటు మాటలు జరిగేచోట కుర్రాళ్లనూ కూర్చోబెట్టండి.

ఆయుధం, తేదీ, చోటు, ఫలానా మనిషి పేరు మాటల్లోకి వచ్చాయంటే మీ ఓపిక పరిధి దాటింది. వెంటనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. చనిపోతానన్న మాట వినిపిస్తే ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 112కే.

బృందం నుంచి బయటికి వచ్చిన తర్వాతి నెలలు గడ్డువి. ఒక్కసారిగా స్నేహితులందరూ పోతారు, పాతవాళ్లు "ద్రోహి" అంటారు. తీవ్రవాద బృందాల నుంచి కుర్రాళ్లను బయటికి తేవడానికి నార్వేలో 1997లో మొదలైన ఎగ్జిట్ కార్యక్రమం తల్లిదండ్రులనే ఒకచోట చేర్చింది. ఇక్కడా మీవాడి బాటే పట్టిన పిల్లలున్న ఇంకో ఇంటితో మాట కలపండి. క్షమాపణ వీడియో చేయమనో, వేదికెక్కి కథ చెప్పమనో మాత్రం తొందరపెట్టకండి. ఆ వీడియో వాణ్ని ఉద్యోగం ఇంటర్వ్యూ దాకా వెంటాడుతుంది.