పాత డబుల్ బ్యారెల్ బయటికి తీస్తున్నారా? తూటా పట్టింది కదా అని కాల్చొద్దు

చెనిక్కాయ పీకే రోజులొస్తున్నాయి. పలమనేరు, భాకరాపేట వైపు చేనికాడ కాపలాకని తాతలనాటి లైసెన్సు తుపాకీ బీరువాలోంచి బయటికొచ్చే కాలమిది. నాటు తుపాకీ పేలి చెయ్యి పోయిందన్న వార్త చదివినప్పుడల్లా "మాది ఇంగ్లండుది, మాకేం కాదు" అని నిమ్మళంగా ఉండేవాళ్లు ఇది చదవాలి. ఎంత మంచి బ్యారెల్‌నైనా తప్పు తూటా చీల్చేస్తుంది.

లైసెన్సు రెన్యువలు, పిల్లలకు అందకుండా దాచడం మీకు తెలిసినవే. మనుషుల్ని ముంచే తప్పు వేరే ఉంది. తూటా ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి నున్నగా దిగింది, తుపాకీ టక్కున మూసుకుంది, ఇంకేం, సరిపోయిందనుకోవడం. పట్టడం వేరు, సరిపోవడం వేరు.

12 బోరు (బోరంటే గొట్టం లావు కొలత) తూటా మీద 65 అనో 70 అనో మిల్లీమీటర్లు రాసి ఉంటాయి. అది కాల్చాక మూతి విచ్చుకున్న డొప్ప పొడవు. కాల్చకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి 70 తూటా కూడా 65 కన్నా పొట్టిగానే కనిపిస్తుంది, 65 ఛాంబర్‌లో హాయిగా కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలదు. డొప్ప అంచు ముందున్న ఇరుకు భాగంలోకి చొచ్చుకుపోతుంది. పెల్లెట్లు, వాటి వెనకున్న బిళ్ల ఆ సందులోంచే దూరాలి, వెనకాల ఒత్తిడి పెరిగిపోతుంది. పైగా 70 తూటాలో మందూ పెల్లెట్లూ మామూలుగా కొంచెం ఎక్కువే ఉంటాయి. మొదటి తూటాకు ఏమీ కాకపోవచ్చు, పదోదానికీ కాకపోవచ్చు. లోపల బ్యారెల్ అలసిపోతూ, మూసే తాళం వదులవుతూ ఉంటుంది. "పోయినేడు ఇవే కాల్చాం, ఏమైంది?" అనేవాళ్లకు జవాబు ఇదే.

మరి మీ ఛాంబర్ ఎంత? తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెళ్ల కింద ముందువైపున్న కర్ర ఊడదీసి బ్యారెళ్లు విడదీయండి. అడుగున చదునైన చోట ముద్రలుంటాయి. రెండున్నర అంగుళాలంటే 65, రెండుముప్పావు అంటే 70. 1925కు ముందటి ఇంగ్లిష్ తుపాకుల మీద ఈ అంకె ఉండకపోవచ్చు. అంకె లేదంటే 65 అనే అనుకోండి, డీలరు దగ్గర గేజ్ పెట్టి కొలిపించేదాకా 70 ముట్టుకోవద్దు. 70 ఛాంబర్‌లో 65 తూటా కాల్చితే ముప్పు లేదు. తిరగేస్తేనే ముప్పు.

ఇదే తప్పుకు ఇంకా ఘోరమైన రూపం 20 బోరు తూటా. అంకె పెద్దదైనా అది 12 కన్నా సన్నం. ఇంట్లో రెండు బోర్ల తుపాకులుంటే, రెండు రకాలూ ఒకే సంచిలో వేస్తే జరిగేది ఇది: 20 తూటా 12 ఛాంబర్‌లో జారి, ముందు ఇరుకులో అంచు తగిలి ఆగిపోతుంది. వెనక నుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. దాని వెనక 12 తూటా కూడా చక్కగా పడుతుంది. కాల్చితే ఎడమచెయ్యి పట్టుకునే చోటే బ్యారెల్ పగులుతుంది. అందుకే 20 తూటా డొప్పను ఎక్కువగా పసుపు రంగులో చేస్తారు. పసుపు డొప్ప 12 తుపాకీ దరిదాపుల్లో ఉండకూడదు.

బ్యారెల్ మీద అలలు అలలుగా గీతలుంటే అది డమాస్కస్. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టి అతికించినది. అతుకుల్లో తుప్పు బయటికి కనపడదు. నైట్రో ప్రూఫ్ ముద్ర, అంటే పొగరాని మందుకు తట్టుకుంటుందని పరీక్షించిన గుర్తు లేకుంటే ఇప్పటి తూటా ఏదీ పెట్టొద్దు.

మిగతావి:

స్టేషన్‌లో ఎన్నికలకు డిపాజిట్ చేసి తెచ్చుకున్న తుపాకీని ముందు వెలుతురుకు పట్టి చూడండి. కుమ్మరి పురుగు పెట్టిన మట్టిగూడు చాలు బ్యారెల్ ఉబ్బడానికి.

"నాట్ ఫర్ బాల్" అని ముద్ర ఉందా? అది మూతి దగ్గర సన్నబడిన చోక్ బ్యారెల్. ఒంటి గుండు తూటా వద్దు.

చెమ్మకు ఉబ్బిన కాగితం డొప్పలు, పచ్చ పట్టిన ఇత్తడి: పక్కన పెట్టండి. ఎండబెట్టి వాడొద్దు.

ఖాళీ డొప్పలను ఇంట్లో మళ్ళీ నింపొద్దు. తయారీ లైసెన్సు లేకుండా 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. పాత బ్లాక్ పౌడర్ కొలతకు పొగరాని మందు పోస్తే బ్యారెల్ ఆగదు.

అడవిపందినైనా సరే, అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా కాల్చొద్దు. ఏనుగు వైపు తుపాకీ ఎత్తనే వద్దు.

నొక్కినా పేలలేదా, మూతి అటే ఉంచి అర నిమిషం ఆగండి. వెంటనే విప్పొద్దు.

శబ్దం మందంగా, భుజానికి దెబ్బ తక్కువగా వచ్చిందా, బిళ్ల లోపలే ఇరుక్కుని ఉండొచ్చు. రెండో తూటా పెట్టొద్దు. విప్పి, బ్యారెల్‌లోంచి అవతలి వెలుతురు గుండ్రంగా కనిపించేదాకా మళ్ళీ మూయొద్దు.