తేట నీళ్ళ చెరువులో కొర్రమీను పట్టాలంటే

యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ బాస్ ఫిషింగ్ వీడియోలు చూసి రాడ్డూ రీలూ కొనేసిన కుర్రాళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు, మంచిదే గాని ఆ బాస్ ఉత్తర అమెరికా చేప, మన చెరువులో దానికోసం కూర్చుంటే పొద్దుగూకే దాకా కూర్చోడమే. మనకి ఆ వేట రుచి చూపించేది కొర్రమీను. ఇదీ మాటేసి కొట్టే రకమే, కప్పనీ పరిగెనీ ఒక్క గుటకలో లాగేస్తాది, కాబట్టి వాళ్ళ ఎరలు చాలావరకు ఇక్కడా పనికొస్తాయి. తేడా ఏటంటే ఆ వీడియోల్లో ఎక్కువగా నాచూ కలువాకులూ నిండిన నీళ్ళు చూపిస్తారు, మన దగ్గర సంక్రాంతి చుట్టుపక్కల చాలా బందలు, చెరువులు చూడండి, వానలకి వచ్చిన ఎర్రమట్టంతా అడుక్కి దిగిపోయి గట్టు మీద నిలబడితే అడుగున రాళ్ళు కనిపిస్తాయి, చాటు అన్నది ఎక్కడో ఓ మూల తప్ప ఉండదు. ఇలాంటి చోట ఏ రంగు ఎర వెయ్యాలి అని అడుగుతారు అందరూ. అది తర్వాత చూద్దాం, ముందు మీరు చేపకి కనబడకుండా ఉండాలి.

నీళ్ళల్లోంచి పైకి చూసే చేపకి బయట ప్రపంచమంతా నెత్తి మీద ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తాది, ఆ కిటికీ వెడల్పు సుమారు 97 డిగ్రీలు. నీటి మట్టానికి దగ్గరగా, అంటే ఓ 10 డిగ్రీల లోపు ఉన్నవన్నీ ఆ కిటికీ అంచుకి నలిగిపోయి సరిగ్గా ఆనవు. దీన్ని లెక్కలోకి మారిస్తే నీటి మట్టం నుంచి మీ తల ఎంత ఎత్తులో ఉందో దానికి ఆరు రెట్లు దూరంలో చేప ఉండాలి. గట్టు మీద నిటారుగా నిలబడితే తల పది అడుగుల ఎత్తులో ఉందనుకోండి, అరవై అడుగుల లోపలున్న చేప మిమ్మల్ని చూసేసినట్టే. అదే గట్టు దిగి వాలు మీద గొంతుక్కూర్చుంటే ఎత్తు మూడడుగులే, పద్దెనిమిది అడుగులు చాలు. అందుకే తేట నీళ్ళల్లో గట్టెక్కి నిలబడి విసిరేవాడి కంటే కింద కూర్చుని విసిరేవాడికే చేప పడతాది. తెల్ల బనీనుతో, మెరిసే గడియారంతో వెళ్ళకండి, పాత ఖాకీ చొక్కానో ముదురాకుపచ్చదో తొడుక్కోండి.

నీడ సంగతి చాలామంది పట్టించుకోరు. పొద్దున్న తూరుపు గట్టు మీద కూర్చుంటే ఎండ వీపున పడి మీ నీడ చెరువులోకి బారెడు పోతాది, కాబట్టి పొద్దున్న పడమర గట్టు, సాయంత్రం తూరుపు గట్టు. ఎండ కళ్ళల్లో కొడతాది, నిజమే, దానికి పోలరైజ్డ్ కళ్ళజోడు ఉంటే నీటి మీద మెరుపు తగ్గి లోపల ఏముందో కూడా కనిపిస్తాది. అడుగులు మెల్లగా వెయ్యండి, అదురు చేపకి ఒంటి పక్కనున్న గీత ద్వారా తెలిసిపోతాది. బండి గట్టు మీదకి తెచ్చి స్టాండు వేసేవాళ్ళని ఏమనాలో నాకైతే తెలీదు.

ఇంక చేప ఎక్కడుంటాది? చాటు తక్కువైతే మన పని సులువే అసలు, ఎందుకంటే ఉన్న ఆ కాస్త చాటునే చేప కూడా వాడుకోవాలి. మదుము (నీళ్ళు వదిలే తూము) గోడ నీడ, రేవు మెట్ల పక్క, గట్టుకి పేర్చిన రాళ్ళ సందులు, నీళ్ళ మీదకి పడిన తాటిచెట్టు నీడ, మూలనున్న నాలుగు తుంగ దుబ్బులు, ఇవి ముందు చూడండి. ఇంకోటి, పది పదకొండు గంటలకి గేదెల్ని తోలుకొచ్చి చెరువులో దింపుతారు కదా, అవి తొక్కిన చోట బురద లేచి ఒక మబ్బులా పాకుతాది, ఆ బురద నీళ్ళూ తేట నీళ్ళూ కలిసే అంచున ఎర వెయ్యండి. బురదకి పురుగులు లేస్తాయి, పురుగుల కోసం పరిగెలొస్తాయి, వాటి కోసం కొర్రమీను ఆ మసకలో నక్కి ఉంటాది. గేదెలొచ్చాయని విసుక్కుని ఇంటికెళ్ళిపోయేవాళ్ళు చాలామంది, నేనైతే వాటికోసమే ఆగుతాను.

ఏ చాటూ కనబడకపోతే కొర్రమీనే తన చోటు చెప్తాది. మొప్పలతో పాటు దీనికి తలలో గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది, పైకొచ్చి గాలి మింగక తప్పదు, బాస్‌కి ఈ అవసరం లేదు. అలజడి లేని నీళ్ళ మీద గుబుక్కుమని చిన్న చప్పుడు, ఒక రింగు, ఒకట్రెండు బుడగలు, అంతే. చలికాలంలో ఒంట్లో వేగం తగ్గి పైకి రావడం కూడా తగ్గుతాది కాబట్టి ఓపిగ్గా ఓ అరగంట రాడ్డు పక్కన పెట్టి ఉత్తినే చూడండి. రింగు కనబడగానే బేగి దాని నెత్తి మీద ఎర పారేశారంటే అయిపోయింది, ఎక్కడికో ఎల్లిపోతాది. రింగుకి అవతల రెండు మూడు మీటర్ల దూరంలో వేసి దాని పక్కనుంచి వచ్చేలా లాగండి, అదీ గాలి మింగిన వెంటనే కాదు, కాస్త ఆగి, అది మళ్ళీ కిందకి దిగి కుదురుకున్నాక.

దారం విషయం. నాచులోంచి చేపని పీకడానికి వాడే మందపాటి బ్రెయిడ్, అంటే పోగులు అల్లిన దారం, ఇక్కడ అక్కర్లేదు, తాడులా కనిపిస్తాది. పదిహేను, ఇరవై పౌండ్ల బరువు ఆగే బ్రెయిడ్‌కి చివర, ఎర వైపు, నాలుగైదు అడుగుల ఫ్లోరోకార్బన్ దారం ముక్క కట్టండి, దాన్నే లీడర్ అంటారు, పన్నెండు పదిహేను పౌండ్లది. కాంతి వంగే లెక్కలో నీటిది 1.33, ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలాన్‌ది 1.5 దాటుతాది, నీటి లెక్కకి ఎంత దగ్గరైతే అంత కనబడదు, అందుకే నైలాన్ కంటే ఇది నీళ్ళల్లో తక్కువ కనిపిస్తాది. కాకపోతే కొర్రమీనుకి పళ్ళుంటాయి, ఒక చేప పడ్డాక లీడర్‌ని వేళ్ళ మధ్య లాగి చూడండి, గరుకుగా తగిలితే ఆ ముక్క కోసేసి మళ్ళీ కట్టుకోండి, బద్ధకించకండి. ఏడడుగుల మీడియం రాడ్డు, 2500 సైజు స్పిన్నింగ్ రీలు సరిపోతాయి, తేలిక ఎర దూరం విసరడానికి అదే నయం.

ఎర చిన్నది, మామూలు రంగుది. మూడంగుళాల సాఫ్ట్ ప్లాస్టిక్ చేప, వెండి రంగో లేత ఆకుపచ్చో, బరువు లేకుండా. లేదంటే చిన్న రబ్బరు కప్ప. మెరిసే గులాబీ, నారింజ రంగులు ఎర్రనీళ్ళ రోజులకి దాచుకోండి. లాగడం అయితే బాగా జోరుగా లాగండి, లేదా పూర్తిగా ఆపేయండి, మధ్యస్తంగా లాగితే చేప వెనకాలే వచ్చి తీరిగ్గా పరీక్ష చేసి తిరిగి పోతాది, మీరు కళ్ళారా చూస్తూ ఉంటారు. అలగ వెంట వస్తుంటే రాడ్డు చివరని ఒక్క కుదుపు కుదిపి వేగం పెంచండి, పారిపోతున్న పరిగె అనుకుని కొడతాది. కప్ప మీద కొట్టినప్పుడు మాత్రం చప్పుడుకి అదిరి లాగేయొద్దు, దారం బిగిసే దాకా ఒక్క క్షణం ఆగండి.

టైము చలికాలంలో మరీ తెల్లారగట్ల కాదు, నీళ్ళు చల్లగా ఉండి చేప కదలదు, ఎండ కాస్త కాగాక తొమ్మిది తర్వాత బాగుంటాది, వేసవిలో అయితే పొద్దు పొడవకముందే. అన్నిటికంటే మంచిది కొద్దిపాటి గాలి, నీళ్ళ మీద అల రేగితే మీ నీడా దారం రెండూ చెదిరిపోతాయి, ఆ పూట గట్టు దగ్గరికి వెళ్ళినా ఫర్వాలేదు.

చెరువు పంచాయితీదో మత్స్యకార సొసైటీదో పాటకి ఇచ్చిందయితే పాడుకున్నవాళ్ళని అడిగే వెయ్యండి, గుడి కోనేరు జోలికి వద్దు. టెక్కలి వైపు రాయి తీసి వదిలేసిన గుంతల్లో నీళ్ళు అద్దంలా ఉన్నాయని కొందరు పోతారు, అంచు నిట్టనిలువు, జారితే పట్టుకోడానికేమీ ఉండదు, ఒంటరిగా అస్సలు పోవద్దు. వానాకాలంలో నీటి మీద ఎర్రగా బంతిలా తిరిగే పిల్లల గుంపు కనబడితే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఆకలి లేకపోయినా కోపంతో ఎరని కొడతాయి. వాటిని ఒగ్గేయండి, పట్టేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.