మల్బరీ పక్కన వేప కషాయం: తయారీ, పట్టుపురుగు మీద పరీక్ష

వేప మందే కదా, మల్బరీ మీద పడినా పట్టుపురుగుకి ఏమీ కాదులే అనుకోవడం ప్రమాదం. ఆముదాన్ని, క్యాబేజీని తినేసే పొగాకు లద్దెపురుగూ, మనం తట్టల్లో పెంచే పట్టుపురుగూ ఒకే లెపిడోప్టెరా (సీతాకోకచిలుకల) వర్గానివి. వేప గింజలోని అజాడిరాక్టిన్, పురుగు కుబుసం విడవడానికి కావలసిన ఎక్డైసోన్ హార్మోన్ పనిని చెడగొడుతుంది. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు కుబుసం విడవాలి. లద్దెపురుగును ఏది ఆపుతుందో అదే దీన్నీ ఆపుతుంది. మొక్కల నుంచి తీసిన ఏ మందైనా సరే, చీడ మీద పరీక్షించినంత శ్రద్ధగా పట్టుపురుగు మీదా పరీక్షించాకే మల్బరీ దగ్గరికి తీసుకెళ్లాలి.

విశాఖలో జువాలజీ, బయోటెక్నాలజీ చదివే విద్యార్థులు కాలేజీ ల్యాబులోనే ఈ పని చేయవచ్చు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. గ్రాముల తూకం, కొలజాడీలు, పీహెచ్ కాగితాలు, ప్లాస్టిక్ ట్రేలు, శుభ్రమైన గది ఉంటే చాలు.

గింజ దగ్గరే సగం పని

ఆనందపురం, పద్మనాభం వైపు పొలం గట్ల మీద వేపచెట్లకు లోటు లేదు. పండ్లు రాలేది సరిగ్గా వానలు మొదలయ్యే రోజుల్లో. తడి నేల మీద రెండు మూడు రోజులు పడి ఉన్న పండుకి బూజు పడుతుంది. ఆ బూజుల్లో అఫ్లాటాక్సిన్ విషాన్ని తయారుచేసేవీ ఉంటాయి. అలాంటి గింజతో కషాయం చేస్తే పురుగు వేపకి చచ్చిందో, బూజు విషానికి చచ్చిందో ఎవరూ చెప్పలేరు. అందుకే చెట్టు కింద పాత చీరో టార్పాలినో పరిచి, పసుపు రంగుకి తిరిగిన పండ్లను ఏరోజుకారోజు ఏరాలి. నీళ్లలో పిసికి గుజ్జు తీసి, కడిగి, గాలి తగిలే నీడలో పలచగా ఆరబెట్టాలి. తీరం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరడానికి వారం పైనే పట్టవచ్చు. చెవి దగ్గర ఊపితే లోపలి పప్పు గలగలమనాలి. అప్పుడు గుడ్డ సంచిలో పోయండి, ప్లాస్టిక్ కవరులో వద్దు.

వాడే ముందు పొట్టు కొట్టి పప్పు చూడండి. ఆకుపచ్చగా, చేదుగా ఉంటే మంచిది. గోధుమ రంగుకి తిరిగినా, నల్ల మచ్చలున్నా పారేయండి. ఎనిమిది, పది నెలలు దాటిన గింజలో అజాడిరాక్టిన్ బాగా తగ్గిపోతుంది. పోయినేడాది గింజతో చేసి "వేప పనిచేయలేదు" అని రాసిన రిపోర్టుకి విలువ లేదు.

కషాయం

పొలానికి సిఫారసు చేసే 5 శాతం కషాయమంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల పప్పు పొడి. ల్యాబుకి లీటరు చాలు, అంటే 50 గ్రాములు. పొడి మరీ మెత్తగా ఉంటే నూనె ఊరి ముద్ద కడుతుంది, కాఫీ పొడి రవ్వలా ఉండాలి. పొడిని పలచని గుడ్డలో మూటకట్టి, అర లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం మూటను పదేపదే పిండండి. పాలలా తెల్లగా దిగుతుంది. రెండు మడతల గుడ్డలో వడకట్టి, గ్రాము సబ్బు కలిపి, నీటితో లీటరుకి సరిచేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది నీళ్ల దగ్గర. తీరానికి దగ్గరి బోర్లలో నీళ్లు ఉప్పగా, కొన్నిచోట్ల క్షారంగా ఉంటాయి. క్షారంలో అజాడిరాక్టిన్ త్వరగా విరిగిపోతుంది, పీహెచ్ 4 నుంచి 6 మధ్య నిలకడగా ఉంటుంది. ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ వాడండి, పొలానికైతే పట్టి ఉంచిన వాన నీరు మేలు. బట్టల సబ్బు పొడి కూడా క్షారమే కాబట్టి తటస్థంగా ఉండే ద్రవ సబ్బు ఎంచుకోండి. మరిగించకండి, ఎండలో పెట్టకండి. తయారైన రోజే వాడేయాలి, మర్నాటికి పులుస్తుంది.

గాఢ సారం కావాలంటే పొడిని ముందు హెక్సేన్‌లో నానబెట్టి నూనె తీసేసి, మిగిలిన పిప్పిని మిథనాల్‌లో మూడు రోజులు ఉంచి వడకట్టి, రోటరీ ఎవాపొరేటర్‌లో 40 డిగ్రీలు దాటకుండా ఆవిరి చేయాలి. రెండు ద్రావణులూ మంట అంటుకునేవే. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేని గదిలో ఈ పని వద్దు.

పురుగులు

రెండు రకాలూ కావాలి. లద్దెపురుగు గుడ్ల ముద్దలు ఆముదం ఆకుల అడుగున దొరుకుతాయి. పొలం నుంచి తెచ్చిన లార్వాలను నేరుగా పరీక్షకి పెట్టకూడదు. వాటిలో కొన్నింటి ఒంట్లో పరాన్న కందిరీగల పిల్లలుంటాయి, కొన్నింటికి అప్పటికే మందుల రుచి తెలుసు. ఒక తరం ల్యాబులో ఆముదం ఆకు మీద పెంచి, వాటి పిల్లలను వాడండి.

పట్టుపురుగుకి రోగరహిత గుడ్ల గుంపులు, అంటే డీఎఫ్ఎల్స్, రెండు తెచ్చుకోండి. ఒక్కోదానిలో సుమారు 400 నుంచి 500 గుడ్లుంటాయి. గదిని ముందే 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీటితో కడగాలి. మూడో దశకి, అంటే రెండోసారి కుబుసం విడిచిన పురుగుకి, 26 డిగ్రీల వేడి, 80 శాతం తేమ సరిపోతాయి. నగరంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేస్తే ఇది కష్టం కాదు. వేసవిలో ఏసీ పెడితే వేడి తగ్గుతుంది కానీ తేమ కూడా పడిపోయి ఆకు గంటల్లో వాడిపోతుంది. తట్ట అంచుల వెంట తడిపిన స్పాంజి ముక్కలు పెట్టుకోవాలి. ఆ గదిలోనూ, పక్క గదిలోనూ దోమల కాయిల్, దోమల లిక్విడ్ వెలిగించనివ్వకండి. పైరెత్రాయిడ్ పొగకి పట్టుపురుగులు తట్టుకోలేవు.

పరీక్ష

5 శాతం కషాయాన్ని సగానికి సగం పలచన చేస్తూ 2.5, 1.25, 0.625, 0.3125 శాతాలు తయారుచేయండి. పలచన చేసేది ఉత్త నీటితో కాదు, లీటరుకి గ్రాము సబ్బు కలిపిన నీటితో. లేకపోతే వేపతో పాటు సబ్బు కూడా తగ్గుతూ పోతుంది. కంట్రోలుకి, అంటే పోలిక కోసం వేప లేకుండా పెంచే ట్రేలకి, కూడా ఆ సబ్బు నీరే. కుంకుడు రసం వాడితే మరీ జాగ్రత్త, అందులోని సాపోనిన్లు సొంతంగానే పురుగుల మీద పనిచేస్తాయి.

ఆకును ద్రావణంలో 30 సెకన్లు ముంచి, క్లిప్పుకి వేలాడదీసి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఆకు తిన్న పట్టుపురుగుకి ఫ్లాచరీ అనే పేగు రోగం రావచ్చు, ఆ చావు వేప ఖాతాలో పడుతుంది. లద్దెపురుగుకి ఆముదం ఆకు, పట్టుపురుగుకి మల్బరీ ఆకు. రెండో జ్వరం (కుబుసం విడవడానికి తిండి మాని కదలకుండా ఉండే దశ) నుంచి లేచిన పురుగులను ఒక్కో ట్రేలో 20 చొప్పున, ఒక్కో గాఢతకి మూడు ట్రేలలో వేయాలి. కంట్రోలుతో కలిపి ఒక్కో రకానికి 360 పురుగులు. ఒకే రోజు లేచినవే ఉండాలి, వెనకబడినవాటిని కలపకండి.

మందు ఆకు 24 గంటలు పెట్టి, తర్వాత మామూలు ఆకు వేయండి. 24, 48, 72 గంటలకి లెక్క రాయండి, కానీ అక్కడ ఆపకండి. వేప వెంటనే చంపే మందు కాదు. మూడు రోజులకి బతికే ఉన్న పురుగు తర్వాతి జ్వరానికి కూర్చుని ఇక లేవకపోవచ్చు. తల తొడుగు సగం ఊడి మూతి మీదే ఇరుక్కుంటుంది, పాత చర్మం తోక వైపు ముడతలు పడి పట్టేసి ఉంటుంది, ఆకు ముందే ఉన్నా తినలేక నాలుగైదు రోజుల్లో చస్తుంది. ఆ పురుగులను లెక్కించకపోతే పరీక్ష మొత్తం తప్పు. నరాల మీద పనిచేసే విషమైతే లక్షణాలు వేరు: తల అటూ ఇటూ ఊపడం, ఆకుపచ్చ రసం కక్కడం, ఒళ్లు కుదించుకుపోవడం. చర్మం ఉబ్బి, గిల్లితే పాలలాంటి ద్రవం కారితే అది గ్రాసరీ అనే వైరస్ రోగం. దానికి కషాయంతో సంబంధం లేదు, ఆ బ్యాచ్ మొత్తం తీసేయాలి.

కంట్రోలులోనూ కొన్ని చస్తాయి. 1925లో ఆబట్ ఇచ్చిన సూత్రంతో సరిచేయండి: మందు ట్రేలో చావు శాతంలోంచి కంట్రోలు శాతం తీసేసి, దాన్ని 100లోంచి కంట్రోలు శాతం తీసేసిన అంకెతో భాగించి, వందతో గుణించాలి. మందులో 60, కంట్రోలులో 10 అయితే అసలు ఫలితం 55.6 శాతం. కంట్రోలు 20 దాటితే సరిచేయడం కాదు, మళ్లీ చేయడమే. ఆపైన ప్రోబిట్ అనే గణాంక పద్ధతిలో రెండు పురుగులకీ సగాన్ని చంపే గాఢత కట్టి, పట్టుపురుగు అంకెను లద్దెపురుగు అంకెతో భాగించండి. ఒకటికి దగ్గరగా వస్తే ఆ మందుకి రెండూ సమానమే. బతికిన పట్టుపురుగులను గూడు దాకా పెంచి, గూడు బరువు, పెంకు బరువు తూచాలి. చావకపోయినా పట్టు తగ్గితే రైతుకి అది నష్టమే.

ఆకు మీద ఎన్నాళ్లు

రైతుకి నిజంగా కావలసింది ఇదే. కొన్ని మొక్కలకి మందు కొట్టి 1, 5, 10, 15, 20వ రోజుల్లో ఆకు కోసి, కొత్త బ్యాచ్ పురుగులకి వేయండి. జ్వరం నుంచి సకాలంలో లేచి, గూడు బరువు కంట్రోలుతో సమానమైన రోజు నుంచే ఆకు వాడవచ్చు. ఎండకి అజాడిరాక్టిన్ కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది, కానీ మబ్బు రోజుల్లో ఎక్కువ నిలుస్తుంది. కాబట్టి వేసవి అంకెను వానాకాలానికి వాడకండి. పక్క పూల తోటలో కొట్టినా లెక్కే. మధ్యాహ్నం సముద్రపు గాలి తుంపరను లోపలికి తోస్తుంది, సాయంత్రం గాలి తగ్గాకే పంపు ఎత్తాలి.

పొగాకు కషాయాన్ని మల్బరీ దరిదాపులకి రానివ్వకండి, కొద్దిపాటి నికోటిన్‌కే పట్టుపురుగులు పోతాయి. సీతాఫలం గింజల పొడి దంచేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది.

జన్యువులతో పట్టుపురుగునే గట్టిపరచవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్నే. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు పిగ్గీబ్యాక్ అనే జన్యు వాహకాన్ని, అప్పుడే పెట్టిన గుడ్లలోకి సన్నని సూదితో ఎక్కించి, పట్టుపురుగులో కొత్త జన్యువును నిలిపారు. హైదరాబాదులోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, హిందూపురం పట్టు పరిశోధన సంస్థ కలిసి, ఎంచుకున్న జన్యువు పనిని ఆపే ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫెరెన్స్‌తో గ్రాసరీ వైరస్‌ను తట్టుకునే పురుగులను తయారుచేసి 2013లో ప్రచురించాయి. అక్కడ గురి వైరస్ జన్యువుల మీద కాబట్టి పురుగుకి హాని లేదు. వేప దెబ్బ తగిలేది పురుగు సొంత హార్మోన్ల మీద, వాటిని మార్చబోతే పెరుగుదలే దెబ్బతింటుంది. పైగా జన్యుమార్పిడి జీవులపై 1989లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం సంస్థాగత బయోసేఫ్టీ కమిటీ, జన్యు ప్రయోగాలను సమీక్షించే కేంద్ర కమిటీ ఆర్‌సీజీఎం అనుమతులు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. డిగ్రీ ల్యాబుకి ఆకు ముంచే పరీక్షే సరైనది.

పని అయ్యాక మిగిలిన పురుగులను కోళ్లకో చేపలకో వేయకండి. ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి సున్నం చల్లి పాతిపెట్టండి. ట్రేలను బ్లీచింగ్ నీటిలో ముంచి కడిగి, ఎండలో ఆరబెట్టాకే తర్వాతి బ్యాచ్‌కి తీయండి.