సంగీతం కోర్సు ఆడిషన్‌కి వెళ్లే ముందు జాగ్రత్తలు

ముందు శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం, చూసుకోండి. ఇంట్లో ఏ శ్రుతికి సాధన చేశారో అక్కడా అదే. తంబురా యాప్ ఉన్న ఫోన్‌కి ఫుల్ ఛార్జింగ్ ఉండాలి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

వాద్యం వాళ్లకి అసలు చిక్కు మన వైజాగ్ గాలితోనే. ఆ తేమకి మృదంగం చర్మం వదులవుతుంది, వయొలిన్‌లో తీగలు బిగించే బిరడాలు బిగుసుకుపోతాయి. గంట ముందే చేరండి. పెట్టె తెరిచి, వాద్యం ఆ గది గాలికి అలవాటుపడ్డాకే శ్రుతి చేయండి. తీగలు ఇంకో సెట్టు ఉండి తీరాలి. నాకు సరిగ్గా గుమ్మం ముందు పై తీగ తెగింది, సంచిలో ఇంకొకటి లేదు. ఆ గుండెదడ ఎవరికీ వద్దు.

☐ ఒక వర్ణం (కచేరీ మొదట్లో పాడే రచన), రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో. తాళం చెయ్యి తప్పకూడదు.
☐ రెండు మూడు కృతులు. వాటి రాగలక్షణాలు కూడా చదవండి: మోహన రాగం దేని జన్యం (ఏ మూల రాగం నుంచి పుట్టింది) అంటే 28వ మేళం (మూల రాగం) హరికాంభోజి అని తడుముకోకుండా రావాలి.
☐ టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, ఫొటోలు, జిరాక్సులు.
☐ ఆ వారం ఆర్కే బీచ్‌లో ఐస్‌క్రీమ్, మురీ మిక్చర్ మానేయండి. గొంతు ముఖ్యం.

గాజువాక వైపు నుంచి వచ్చేవాళ్లు ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌కి అరగంట అదనంగా వేసుకోండి.